కెమెరా వైపు చూసిన మామ

సినిమా అరచేతిలోకి వచ్చి, నచ్చకపోతే బొటనవేలితో పక్కకు నెట్టేసే కాలం ఇది. ఇదే బహ్రెయిన్‌లో ఒకప్పుడు తెలుగు సినిమా వస్తోందంటే మా క్యాంపులో పెళ్లి కుదిరినంత సందడి ఉండేది. వస్తే ఒక్క శుక్రవారం ఆడేది. ఆ శుక్రవారం తప్పిందా, ఆ సినిమా మన పాలిట తీయనట్టే. అందుకని మంచిదా చెడ్డదా అని చూడకుండా అందరం వెళ్లేవాళ్లం, వచ్చాక వారం పొడవునా దాన్ని తిట్టుకుంటూ పని చేసుకునేవాళ్లం. (బాగున్న సినిమాను తొందరగానే మరిచిపోయేవాళ్లం. తిట్టుకోవడానికి పనికొచ్చేదే ఎక్కువకాలం మన్నేది.)

అలా మన్నిన సినిమా ఒకదాని గురించి మొన్నీమధ్య మనవాళ్లంతా కూడిన సాయంత్రం పాస్టర్‌గారు మైకులో చెప్పారు. మీలో కొందరు అక్కడ ఉండే ఉంటారు. "స్నేహితుడి బాధ చూడలేక ఈ తమ్ముడు ఒక్క చిన్న అబద్ధం ఆడాడండీ. అలాంటి అబద్ధాన్ని పైవాడు పుణ్యం కిందే రాసుకుంటాడు" అని నా వైపు చెయ్యి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో ఒకావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని నా ప్లేటులో ఇంకో బొబ్బట్టు వేసింది. దాన్ని అలాగే ప్లేటులో వదిలేసి వచ్చాను. ఆ రోజు నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. అబద్ధం ఆడిన మాట నిజం. బాధ చూడలేక ఆడానన్నది మాత్రం అబద్ధం.

అప్పుడు మా క్యాంపు హిద్‌లో ఉండేది. నేను కొత్తగా వచ్చిన కుర్రవాణ్ని, ఒక కట్టడాల కంపెనీ స్టోర్‌లో బోల్టులూ మేకులూ అందించే పని నాది. పని చిన్నదే గాని సినిమాల విషయంలో నా మాటకు తిరుగుండేది కాదు. ఇంటర్ చదువుతున్నానని ఇంట్లో చెప్పి వెళ్లిన రోజుల్లో కాలేజీ కన్నా థియేటర్‌లోనే నా హాజరు ఎక్కువ. ఆ అనుభవంతో ఏ సినిమా ఎలా ఉంటుందో పోస్టర్ చూసి చెప్పేసేవాణ్ని. అందుకే క్యాంపులో నన్ను 'రివ్యూ' అని పిలిచేవాళ్లు. నా అసలు పేరు కంపెనీ కాగితాల్లో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. నేనూ ఆ బిరుదుకు తగ్గట్టే మెడ కాస్త వెనక్కి వాల్చి నడిచేవాణ్ని.

మా గదిలో పై మంచం నాది, కింది మంచం బావది. బావ అంటే సొంత బావ కాదు. మా ఊరి ఆడపిల్లను ఎవరినో ఎప్పుడో వాళ్ల ఊరికిచ్చారు. ఆమె ఎవరో మా ఇద్దరికీ తెలియదు, అయినా ఆ లెక్కన వరస కలిపేసుకున్నాం. మావైపు వాళ్లు ఎడారి నడిమధ్య కలిసినా ముందు వరస తేల్చుకుని ఆ తర్వాతే టీ తాగుతారు. ఆయన బావ అయ్యాడు గనుక ఆయన తల్లి (ఆయన అవ్వ అంటాడు) నాకు అత్తమ్మ, ఆయన తండ్రి మామ. ఆ మామ లేడు. మావైపు బొగ్గు బాయిలో (గనిని మేం బాయి అనే అంటాం) పక్కనున్న పాత బాయి గోడ తెగి, అందులో నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారిగా మీద పడ్డప్పుడు కింద షిఫ్టులో ఉండి పైకి రాని వాళ్లలో ఆయనొకడు. అప్పటికి బావ తల్లి చంకలో పిల్లవాడు. మామకు ఉన్న ఒకే ఒక్క ఫోటో గుర్తింపు కార్డు మీదిది. ఆ కార్డు ఆయన జేబులోనే ఉండిపోయింది. కాబట్టి బావకు కన్నతండ్రి ముఖం ఎలా ఉంటుందో తెలియదు. షట్టరింగ్ పనిలో బావ బిగించిన చెక్క చుక్క కాంక్రీటు కారనిచ్చేది కాదు. నాయిన మాట వచ్చినప్పుడు మనిషి కూడా అలాగే బిగుసుకుపోయేవాడు.

ఆ ప్రమాదం మీద సినిమా తీశారనీ, అది బహ్రెయిన్‌కు వస్తోందనీ గదిలో మొదట చెప్పింది నేనే. ఒక పత్రికలో అది జరిగిన కథ ఆధారంగా తీసిన సినిమా అని ఒక్క ముక్క చదివాను. నా నోట్లోంచి బయటికొచ్చేసరికి ఆ ఒక్క ముక్కకు కాళ్లూ చేతులూ మొలిచాయి.

"ఇంటింటికి పోయి అడిగి తీసిండ్రట బావా. ఎవ్వలెట్లుండెనో అచ్చం అట్లాంటోళ్లనే దొర్కవట్టి పెట్టిండ్రట."

"మా నాయిన గూడ ఉంటడా?"

"ఎందుకుండడు! అందరుంటరు."

బావ కాసేపు ఆలోచించాడు. "మా నాయిన ఎట్లుంటడో మా అవ్వకే ఎరుక. మా అవ్వను ఎవ్వలు అడగలే గదరా."

"పక్కింటోళ్లను అడిగుంటరు. సినిమావోళ్లకు ఎన్ని తొవ్వలుంటయి!"

ఆ మాటతో బావ నమ్మేశాడు. అప్పటిదాకా క్యాంపు టీవీ గదిలో సినిమా పెడితే పేర్లు పడకముందే గురక పెట్టే మనిషి, ఆ వారమంతా నిద్రపోలేదు. పై మంచం మీద నాకు ఆయన దొర్లడం తెలిసేది. "రివ్యూ, పండుకున్నవా? మొదట్లనే వస్తడా, నడుమ వస్తడా?" అని అడిగేవాడు. "నడుమ" అని చెప్పి అటు తిరిగి పడుకునేవాణ్ని.

మా గదిలో మూడో మనిషి పాస్టర్‌గారు. అసలు పాస్టర్ కాదు, క్రేన్ ఆపరేటర్. గోదావరి వైపు వాళ్లు. శుక్రవారం పొద్దున తెలుగు ప్రార్థన కూటంలో వాక్యం చదువుతారు, అన్నం ముందు కళ్లు మూసుకుంటారు, సినిమాలు చూడరు. అందుకే ఆ పేరు. "ఇది సినిమా కాదన్నా, చరిత్ర" అని నేను ఊరించాను.

"చరిత్రయితే పర్లేదు తమ్ముడూ. పాటలేమైనా ఉంటాయా?"

"బొగ్గు బాయిల పాటలెందుకుంటయన్నా!" అన్నాను. (ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.)

శుక్రవారం బావ నున్నగా గడ్డం గీసుకుని, తలకు నూనె రాసి, పెట్టె అడుగు నుంచి పెళ్లినాటి చొక్కా తీసి వేసుకున్నాడు. అది ఆయన పొట్ట దగ్గర కలవనని మొరాయిస్తే పైన ఇంకో చొక్కా వేసి కప్పాడు. జూలైలో. బహ్రెయిన్‌లో. కంపెనీ బస్సు మమ్మల్ని మనామాలో దింపింది. బస్సు నడిపే పఠాన్ భాయ్‌ది ఒకే నియమం. సాయంత్రం మగ్రిబ్ నమాజుకు పిలిచే అజాన్ వినపడగానే బండి కదులుతుంది, ఎక్కినవాడు ఎక్కినట్టు, మిగిలినవాడు మిగిలినట్టు. ఆ తర్వాత హిద్ దాకా సొంత తిప్పలే. నాకు సినిమా కన్నా ముందు ఆ బస్సు గురించే బెంగ. టిక్కెట్టు చింపేటప్పటి నుంచే గడియారం చూసుకోవడం మొదలుపెట్టాను.

సినిమా గురించి ఎక్కువ చెప్పను, చెప్పకుండానూ ఉండలేను. హీరో విదేశాల్లో చదివి వచ్చిన గని ఇంజనీరు. కదులుతున్న బొగ్గు రైలు మీది నుంచి మోటారు సైకిలు దూకించి డ్యూటీలో చేరతాడు. బొగ్గు బాయి లోపల కల్యాణ మంటపమంత విశాలంగా, దీపాలతో జిగేలుమంటోంది. హీరో చెంప మీద మాత్రం ఒక్క మసి మరక, దిష్టిచుక్క పెట్టినట్టు. హీరోయిన్ ఎత్తు మడమల చెప్పులతో గనిలోకి దిగి, కాలు మెలికపడి, హీరో చేతుల్లో పడింది. కూలీలందరూ తెలంగాణ మాట్లాడుతున్నారు గాని, ఆ తెలంగాణ ఏ జిల్లాదో మాకు ఎవరికీ అంతుపట్టలేదు.

"బాయిల గింత ఎలుగుంటదారా?" అన్నాడు బావ.

"కెమెరాకు కనవడాలె గద బావా."

"సరే. ఏడి మా నాయిన?"

"ఇంక రాలే. ఆగు."

ఇంతలో మంచుకొండలు వచ్చాయి. గని కూలీలందరూ ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని, పారలు తిప్పుతూ హీరో వెనక మంచులో గెంతుతున్నారు. పాస్టర్‌గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "చరిత్రన్నావు కదా తమ్ముడూ" అని ఒక్క మాట అని, లేచి, మోకాళ్లు తగులుతున్న వాళ్లందరికీ క్షమాపణలు చెప్పుకుంటూ బయటికి వెళ్లిపోయారు. బావ మాత్రం ముందుకు వంగి ఒక్కొక్క ముఖం వెతుకుతున్నాడు.

"గిండ్ల ఉన్నడా?"

"లేడు బావా. ఇది హీరోకొచ్చిన కల."

"కలలకు మా నాయిన ఎందుకొస్తడు, నిజమే" అని మళ్లీ వెనక్కి ఆనుకున్నాడు.

చివరికి నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు నీలంగా, ఈత కొలనులోంచి తెచ్చినట్టు ఉన్నాయి. (వాటిలో ఒక చేప కూడా కనపడిందని వెనక వరుసలో ఎవరో ప్రమాణం చేశారు.) హీరో ఆ ప్రవాహానికి ఒక ఇనుప తలుపు అడ్డం పెట్టి, భుజంతో ఆపి, పళ్లు బిగించి, గతమంతా తలుచుకున్నాడు. ఆ తలుచుకోవడంలో ఇంకో అర పాట అయింది. మా పక్క వాళ్లంతా అప్పటికే లేచి ఈలలు వేస్తున్నారు. "పైసల్ వాపస్!" అని ఒకడు, "ఆ తలుపు మా సైటుకు పంపుండ్రి" అని ఒకడు. చివరికి హీరో అందర్నీ కాపాడేశాడు. ఒక్క విలన్ తప్ప చచ్చినవాడు లేడు. మా ప్రాంతంలో ఇప్పటికీ ఏటా ఆ రోజున ఇళ్లలో పొయ్యి వెలిగించని కుటుంబాలున్నాయి. ఆ సినిమాలో మాత్రం గనిలోంచి మనుషుల్ని చేరవేసే ఇనుప బోను పైకి వస్తూంటే, అందులోంచి కూలీలు ఒక్కొక్కరే దిగుతూ, పెళ్లాం పిల్లల్ని కావలించుకుంటున్నారు.

నేను అప్పటికే లేచి నడవలో ఒక కాలు పెట్టాను. బయటి నుంచి ఏ క్షణాన్నైనా అజాన్ వినపడేలా ఉంది. బావ నా చొక్కా అంచు పట్టుకున్నాడు.

"అరే, ఖలాస్ అయితున్నదిరా. ఏడి? మా నాయిన ఏడి?"

"నడువ్ బావా, బస్సు పోతది!"

"వస్తడంటివి గదరా. నడుమ వస్తడంటివి గద. ఏడి?"

చొక్కా చిరిగేలా లాగుతున్నాడు. ఇదిగో, ఇక్కడే నిజం చెప్పాలి. ఆ క్షణంలో నేను బావ ముఖం చూడలేదు. చూసి ఉంటే నాకు జాలి వేసేదేమో, ఏం చేసేవాణ్నో. నేను చూసింది తలుపు వైపు. నాకున్నది బస్సు బాధ. ఆయన నోరు మూయించి చొక్కా విడిపించుకుంటే చాలనుకుని, లేచేటప్పుడు బోనులో కంటపడ్డ తువ్వాల ఒకటి గుర్తొచ్చి, వెనక్కి తిరక్కుండానే తెర వైపు వేలు ఊపాను.

"అగో, గాయన! తువ్వాల మెడల ఏస్కున్నాయన. నడువ్!"

ఆ తువ్వాల ఆయన (తర్వాత సీడీలో ఒక్కసారి చూసి చెబుతున్నాను) ఎవరో గుంపులో నిలబడటానికి తెచ్చిన చిన్న నటుడు. బోనులోంచి దిగాడు, ముంతెడు నీళ్లు తాగాడు, మూతి తుడుచుకున్నాడు. ఆ తర్వాత, దర్శకుడు చూడకూడదని ఎంత చెప్పి ఉంటాడో గాని, అందరు కొత్త నటులూ చేసే తప్పే ఆయనా చేశాడు. నేరుగా కెమెరా వైపు చూశాడు. చూసి, ఎవరో కసిరినట్టు గబుక్కున తల తిప్పుకున్నాడు.

బావ నా చొక్కా వదిలేశాడు. లేచి నిలబడ్డాడు. "కూసో భాయ్!" అని వెనక నుంచి అరిచినా కూర్చోలేదు.

"నన్నే సూసిండురా" అన్నాడు.

తెర మీద పేర్లు పడ్డాయి, దీపాలు వెలిగాయి, ఊడ్చేవాడు వచ్చాడు, బావ కదల్లేదు. అజాన్ అయిపోయింది. మేం బయటికి వచ్చేసరికి బస్సు లేదు. (బస్సును ఆపుదామని ముందే ఎక్కిన పాస్టర్‌గారు మెట్టు మీద నిలబడి పఠాన్ భాయ్‌ను బతిమాలుతూ ఉండగానే, భాయ్ "ఖలాస్" అని పాస్టర్‌గారితో సహా తలుపు మూసుకుని వెళ్లిపోయాడు.) ఏ బస్సు కోసం అబద్ధమాడానో ఆ బస్సు ఆ అబద్ధం వల్లే పోయింది. దారి పొడవునా టాక్సీలో నేను లోలోపల ఉడికిపోతున్నాను, బావ కిటికీలోంచి సముద్రం చూస్తున్నాడు. ముహర్రక్ వంతెన దాటాక మాత్రం ఒక్క మాట అన్నాడు.

"నాయిన పొడుగుండెరా. నేను మా అవ్వోలె అయిన."

అప్పటికైనా చెప్పవలసింది. రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాటికి క్యాంపంతా తెలిసిపోయింది. ఎవరూ ఒక్క మంచి మాట అనని ఆ సినిమా బావకు అన్నిటికన్నా గొప్ప సినిమా అయింది. అందులో వాళ్ల నాయిన పైకి వచ్చాడు. నయీమ్‌లో సీడీల దుకాణం వాడు ఆ సీడీని అట్టడుగు అరలోంచి దుమ్ము దులిపి ఇచ్చాడు. శుక్రవారం టీవీ గదిలో బావ దాన్ని పెట్టి, రైలూ మంచుకొండలూ ఇనుప తలుపూ అన్నీ పరుగెత్తించి, బోను దగ్గర ఆపేవాడు. నేపాలీలు, మలయాళీలు కూడా అలవాటు పడిపోయారు. "చాచాజీ ఆగయే!" అని వాళ్లే కేకేసేవాళ్లు. తువ్వాల మామ నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, మా అందరి వైపూ చూసేవాడు. నేను మాత్రం మొదటిసారి తర్వాత ఆ సమయానికి బయట ఏదో పని కల్పించుకునేవాణ్ని.

ఉండబట్టలేక పాస్టర్‌గారి దగ్గర బయటపెట్టాను. అక్కడైనా పూర్తిగా చెప్పానా? "బావ ఏడుపు మొఖం సూడలేక అట్లన్ననన్నా" అన్నాను. ఎందుకలా వచ్చిందో నోట్లోంచి! బస్సు అనే మాట నాలుక దాకా వచ్చి సిగ్గుపడి వెనక్కి పోయింది. ఆయన నా తల మీద చెయ్యి వేశారు. "మనసు మంచిదే తమ్ముడూ. కానీ చెప్పెయ్యాలి. ఎంత ఆలస్యమైతే అంత బరువు." "వచ్చే శుక్రవారం చెప్తనన్నా." ప్రతి శుక్రవారం ప్రార్థన నుంచి రాగానే ఆయన కళ్లతోనే అడిగేవారు, నేను కళ్లతోనే వాయిదా వేసేవాణ్ని.

ఇది చాలదన్నట్టు ఆ తువ్వాల నటుడికి ఆ ఏడు చేతినిండా పని దొరికింది. మొదట ఒక సినిమాలో కానిస్టేబులుగా కనపడ్డాడు.  బావ చూస్తే? అదృష్టం కొద్దీ ఆ రోజు ఆయనకు ఓవర్‌టైం. ఆ తర్వాత పెళ్లిపందిట్లో విస్తరి ముందు ఒకసారి, విలన్ వెనక కర్ర పట్టుకుని ఇంకోసారి. ఇక నాకు ఏ సినిమా చూసినా హీరో ముఖం కనపడేది కాదు, వెనక నిలబడ్డ గుంపులోనే నా కళ్లు పరుగెత్తేవి. ట్రైలర్‌లో ఆయన కనపడ్డ సినిమా బహ్రెయిన్‌కు వస్తోందంటే ముందే "వట్టి చెత్త, పోకుండ్రి" అని చెప్పేసేవాణ్ని. ఖర్మ కొద్దీ ఆయన నిలబడ్డ సినిమాలే ఆ ఏడు బాగా ఆడాయి. అవతలి క్యాంపు వాళ్లు చూసొచ్చి పొగుడుతుంటే మా వాళ్లు నన్ను అదోలా చూసేవాళ్లు. "ఏం రివ్యూరా నీది? కండ్లున్నయా?" అనేదాకా వచ్చింది. నా బిరుదు అలా మట్టిలో కలిసింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం టీవీ గదిలో ఏదో హాస్య సినిమా వస్తోంది. బావ నా పక్కనే వేరుశనగలు ఒలుస్తున్నాడు. తెర మీద బజారు. జేబు కొట్టబోయి దొరికిపోయిన దొంగను కమెడియన్ చొక్కా పట్టుకుని ఇటు తిప్పాడు. మామ! ఇంకొక్క క్షణంలో చెంపదెబ్బ పడుతుంది. నేను లేచి టీవీకి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకో బే!"

"కరెంటు పోతది. తీసేద్దాం" అన్నాను. (ఈ దేశంలో అప్పటిదాకా నేను కరెంటు పోవడం చూడలేదు.) వెనకాల 'ఫట్' మని చెంపదెబ్బ వినపడింది, గదంతా నవ్వింది. బావ కూడా తల పైకెత్తకుండానే నవ్వాడు. ఆ నవ్వు విని నేను బయటికొచ్చి, క్యాంపు గోడ పక్కన ఎండలో చాలాసేపు తిరిగాను.

బావ సెలవు మీద ఇంటికి బయల్దేరాడు. వెళ్లే ముందు సీడీలో నాయిన ఇటు చూసే చోట ఆపించి, స్టూడియోలో ఫోటో తీయించి, పెద్దది చేయించి, అద్దాల చట్రం కట్టించి, పైన ప్లాస్టిక్ పూలదండ వేశాడు. స్టూడియో మలయాళీ "కౌన్ హై భాయ్?" అంటే "మేరా బాప్" అన్నాడట. చట్రం పగలకుండా దాన్ని రెండు దుప్పట్ల మధ్య చుట్టాడు. వాళ్లమ్మకు ఇవ్వడానికి. మామ ముఖం తెలిసిన ఒకే ఒక్క మనిషికి! ఈసారి చెప్పి తీరాలని ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్లాను. "బావా, ఆ ఫోటో..." అన్నాను. "ఏం పగలదు. దుప్పట్లు మందంగున్నయి" అని నన్నే ఓదార్చాడు. "అత్తమ్మను అడిగిన్నని చెప్పు" అని చెయ్యి ఊపి వచ్చేశాను.

ఆ సెలవు రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. బావ ఫోన్ చేయలేదు. స్టోర్‌లో మేకులడిగితే బోల్టులిచ్చాను. ఎవరి ఫోన్ మోగినా నాదేమోనని ఉలిక్కిపడేవాణ్ని. అన్నం ముందు పాస్టర్‌గారు కళ్లు మూసుకుంటే, ఒకటి రెండుసార్లు నేనూ మూసుకున్నాను.

తిరిగొచ్చిన రోజు కంపెనీ పికప్ తీసుకుని నేనే వెళ్లాను.  బావ సామాన్ వెనక పడేసి, మామిడి తొక్కు పచ్చడి డబ్బా మాత్రం ఒళ్లో పెట్టుకున్నాడు. అరాద్ దగ్గరకు రాగానే "ఆపు" అన్నాడు. సముద్రం ఒడ్డున రాళ్ల మీద కూర్చున్నాం. నెత్తిమీది నుంచి విమానాలు దిగుతున్నాయి.

"అవ్వకు సూపెట్టిన" అన్నాడు.

"ఏమన్నది?"

సరిగ్గా అప్పుడే ఒక విమానం. అది దిగేదాకా బావ ఆగాడు. దాని చక్రాలు అంత నిదానంగా దిగుతాయని నాకు అంతకుముందు తెలియదు.

"'ఎవరురా ఈయన?' అన్నది."

నేను నీళ్ల వైపు చూశాను.

"'మీ నాయిన గిట్ల నిలవడి ఎవ్వల మొఖమన్న సూసెటోడా? తలకాయ వంచుకొని పోయెటోడు, వంచుకొని వచ్చెటోడు. ముక్కు గూడ గిది గాదు' అన్నది." బావ నా వైపు తిరిగాడు. "ఎందుకు జెప్పినవురా గట్ల?"

ఇప్పుడైనా చెప్పు అంది మనసు. నోరు ఎప్పటి పాటే పాడింది.

"నీ బాధ సూడలేక బావా."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "నా కోసం అబద్ధమాడినవారా బామ్మర్దీ" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ చెయ్యి బరువు ఇన్నేళ్లూ దిగలేదు. పాస్టర్‌గారు మైకులో చెప్పింది ఈ ముక్కే.

కాసేపయ్యాక నేనే అడిగాను. "ఫోటో ఏం జేసినవు?"

"తీసేస్తనన్న. అవ్వ తియ్యనియ్యలే. 'ఎవ్వలో ఏమో, పాపం, బాయిలకెల్లి బతికొచ్చిండు గదరా. ఉండనియ్యి. మనింట్ల గట్లాంటోడు ఒక్కడన్న ఉండాలె' అన్నది." తొక్కు డబ్బా మూతను ఊరికే బిగించాడు, వదులు చేశాడు. "దండ మాత్రం తీసి అవతల పారేసింది. బతికున్నోనికి దండేందన్నది."

నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. ఇద్దరం ఎంత నవ్వామంటే చేపలు పడుతున్న బహ్రెయినీ ముసలాయన గాలం పైకి లాగి మా వైపు చూశాడు. ఆ నవ్వులో నా బస్సు మాట మళ్లీ మరుగున పడిపోయింది.

అప్పటినుంచి ఆ నటుడు మా ఇద్దరికీ నిజంగానే మామ అయ్యాడు. ఎక్కడ కనపడినా ఒకరికొకరం చెప్పుకోవడం. "మామకు ఎస్సై ప్రమోషన్ వచ్చింది బావా." "నిన్న మామను మల్ల తన్నిండ్రురా, అవ్వ అన్నం ముట్టలే." బావ గల్ఫ్ విడిచి వెళ్లి ఊళ్లో తలుపులూ కిటికీలూ చేసే కొట్టు పెట్టుకున్నాక కూడా ఈ కబుర్లు ఆగలేదు.

ఇది మీకు చెప్పేముందు ఆయనకు చెప్పడం న్యాయమని నిన్న సాయంత్రం ఫోన్ చేశాను. గదిలో అటూ ఇటూ తిరుగుతూనే చెప్పాను.

"బావా, ఆనాడు నేను నీ బాధ జూసి జెప్పలే. నీ మొఖమే సూడలే. బస్సు పోతదని జెప్పిన."

అటువైపు సుత్తి చప్పుడు ఆగింది. 

"బస్సు దొర్కెనా మరి?"

"ఏడ దొర్కె! నీతోనే ఉంటి గద."

"మరింకేందిరా" అన్నాడు. సుత్తి మళ్లీ మొదలైంది, మళ్లీ ఆగింది. "అవ్వకు మాత్రం జెప్పకు. నువ్వు మంచి పోరనివి అనుకుంటున్నది, ఉండనియ్యి. ఆఁ, టీవీ పెట్టు జల్ది. సీరియల్ వచ్చే యాల్లయింది, మామ సర్పంచ్ అయిండు."

పెట్టాను. మీసాలు పూర్తిగా నెరిశాయి. ఇంటివాళ్లంతా వెక్కి వెక్కి ఏడుస్తుంటే మామ వెనక నిలబడి గంభీరంగా తల ఊపుతున్నాడు. ఊపుతూ ఊపుతూ, ఇన్నేళ్ల అనుభవం ఏమైందో గాని, రెప్పపాటు ఇటు చూశాడు. "అవ్వా, సూసిండు! సూసిండు!" అని ఫోన్‌లో బావ కేక. నేను నడవడం ఆపి మంచం మీద కూర్చున్నాను. ఆ రోజు నేను వెనక్కి తిరిగి చూడని చూపు ఇదేనన్నమాట.

ఆ బస్సు కోసం అంతగా తహతహలాడిన కుర్రవాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది. బస్సు దొరికినా వాడు ముందుగా వెళ్లి చేసేదేముంది? శుక్రవారం సాయంత్రం మా క్యాంపులో పప్పుచారు. అది ఎంత తొందరగా వెళ్లినా చల్లగానే ఉండేది.